మా బావ ఆఖరి పోరాటం

నేను నాలుగో తరగతి మూడేళ్లు చదివాను. ఆ తరగతిని అంత క్షుణ్ణంగా చదివినవాడు మా ఊళ్లో ఇంకొకడు లేడు. ఆ చదువుతో నాకు ఒక్క సంగతి బోధపడింది. అచ్చేసినదాన్ని మార్చలేం, నోటితో చెప్పేదాన్ని ఎంతైనా మార్చొచ్చు. అందుకని పుస్తకాల జోలికి పోకుండా నోటినే నమ్ముకున్నాను. ఊరు నాకు కోతలరాయుడని పేరు పెట్టింది. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో ఎవరైనా పిలిస్తే ఇప్పుడు నేను వెనక్కి తిరిగి కూడా చూడను.

నా కోతలన్నిట్లోకీ పెద్దది మా బావ కథ. బావంటే మా ఆవిడకి అన్న. యుద్ధంలో విమానం నడిపాడు. మా ఊరి ఇటుకల బట్టీ పక్కన కూలి చనిపోయాడు. చనిపోయాకే నాకు బావ అయ్యాడు కాబట్టి, ఆయనతో ఆడాల్సిన ఎకసెక్కాలన్నీ గోడమీది ఫోటోతోనే ఆడాను. పొద్దున లేవగానే, "ఏం బావా, ఇవాళైనా దిగుతావా, ఇంకా పైనే ఉంటావా?" అని పలకరించేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, తోలుటోపీ చెవులమీదికి లాక్కుని నవ్వుతూ ఉండేవాడు. మా ఆవిడ వారానికోసారి తెల్లటి మెత్తని గుడ్డతో ఆ అద్దం తుడుస్తూ, "చచ్చినవాడితో పరాచికాలేమిటండీ, సిగ్గులేకపోతే సరి" అని తనూ నవ్వేది.

కథ ఇది. నేను చెబితే గంటన్నర, ఇక్కడ పది ముక్కల్లో కానిస్తాను. చలికాలం పొద్దున మా బావ ఒంటరిగా గస్తీ తిరుగుతుంటే మూడు శత్రువిమానాలు చుట్టుముట్టాయి. తూటాల మోతకి మా ఇంటి కోడి ఉడికిన గుడ్డే పెట్టింది. ఇద్దర్ని కూల్చాడు. మూడోవాడు వెనకనుంచి కొట్టాడు. విమానం అంటుకుంది. కిందికి చూస్తే ఇటుకల బట్టీ, అందులో నలభైమంది పనివాళ్లు. దూకితే తను బతుకుతాడు, వాళ్లు పోతారు. దూకలేదు. మంటల్లో కూర్చునే విమానాన్ని, మట్టి తవ్వి వదిలేసిన పాతగుంట నీళ్లలోకి తిప్పాడు. పోతూపోతూ, బట్టీమీద కాపలా ఉన్న నాకు చెయ్యి ఊపాడు. విమానం గుంటలో పడ్డ అదురుకి ఎగిరొచ్చి గట్టుమీద పడి ప్రాణం వదిలాడు.

యుద్ధం ముగిసిన ఏడాది, తండ్రి చెయ్యి పట్టుకుని సమాధి చూడ్డానికి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకి ఈ కథ చెప్పాను. ఆ పిల్ల మూడుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి చెప్పించుకోవడానికి నన్ను పెళ్లి చేసుకుంది. ఇది కోత కాదు. "మా అన్నయ్యని ఆఖరిసారి చూసిన కళ్లు ఇవి. వీటి ఎదురుగానే ఉంటాను" అని తండ్రితో చెప్పి మరీ ఉండిపోయింది. యాభై మూడేళ్లుగా ఉంది.

అసలు జరిగిందేమిటో తెలిసినవాళ్లం, నేను చెప్పబోయే వేసవికి, ఊళ్లో ఇద్దరమే మిగిలాం. నేనూ, బట్టీ మేస్త్రి. మిగతావాళ్లు పోతూ నోళ్లతోపాటే పట్టుకుపోయారు. మా ఆవిడకి తెలిసిననాడు ఈ ఇంట్లో నా బతుకు అయిపోయినట్టేనని నాకు తెలుసు. అందుకే అడుగున ఏముందో కనపడకుండా, కొన్నేళ్లకో విమానం చొప్పున పైన పేర్చుకుంటూ వచ్చాను.

ఆ పేర్చడమే కొంప ముంచింది.

*

సమాధి మీద చెక్కపలక పుచ్చిపోయింది. రాయి పెట్టిద్దామంది మా ఆవిడ.

"రాతిమీద ఏం చెక్కించాలండీ?"

"అదెంతసేపే? నలుగుర్ని ఎదిరించి నలభైమందిని కాపాడి అని మొదలెట్టించు."

"నలుగురా? పోయినేడు బడిపిల్లలకి ముగ్గురన్నారు. పెళ్లికి ముందు నాకు చెప్పినప్పుడు ఇద్దరే."

"అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. నలుగురంటే దడుచుకుంటావని ఇద్దర్ని దాచాను."

నవ్వలేదు. "నోటిమాటైతే రేపు దిద్దుకుంటారు. రాయిని ఎలా దిద్దుతారు? నాకు సరైన లెక్క కావాలి" అని లోపలికి వెళ్లిపోయింది.

వెళ్లి ఊరుకుందా? విమానాల మ్యూజియం వాళ్లకి, నాకు చెప్పకుండా, ఉత్తరం రాసింది. మా అన్నయ్య ఆఖరి పోరాటంలో ఎదుటివాళ్లెంతమందో తేల్చి చెప్పండి, కళ్లారా చూసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు అని. సరిగ్గా ఆ ఏడే వానల్లేక పాతగుంట అడుగంటా ఎండి, మట్టి పెంకులుపెంకులుగా పగిలింది. మ్యూజియం వాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

వచ్చినావిడకి నలభై ఏళ్లుంటాయి. మెళ్లో తాడుకి భూతద్దం వేలాడుతూ ఉండేది. దానితో మా ఇంటి గడపను కూడా చూసి లోపలికొచ్చింది. అందుకని ఆవిడకి భూతద్దం అని పేరు పెట్టాను. మమ్మల్ని బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలిచేది. మాట మెత్తన, పెన్ను గట్టి.

"మా పద్ధతి ఒకటుంది బాబాయిగారూ," అంది మొదటిరోజే. "ముందు మనిషి, తర్వాత మట్టి, చివరికి కాగితం. కాగితాలు నా సంచీలో ఉన్నాయి, ఇప్పుడే చూపించను. చూపిస్తే మనిషి తను చూసింది మానేసి కాగితంలో ఉన్నదే చెబుతాడు."

"నేనా? కాగితంలో ఉన్నది ఉన్నట్టు జన్మలో చెప్పలేదమ్మా."

మర్నాడు వసారాలో బల్ల వేసుకుని కూర్చుంది. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని నుంచుంది.

"పొద్దున ఎన్నింటికి?"

"సూర్యుడింకా ఒళ్లు విరుచుకుంటున్నాడు."

"ఆరా, ఏడా?"

"ఏడున్నర."

"పొగ ఏ రంగు?"

"మొదట తెల్లగా, తర్వాత నల్లగా. మా ఆవిడ వంటలాగే."

"తుపాకుల మోత విడివిడిగా వినపడిందా, ఏకబిగిన వినపడిందా?"

ఇలా ఎవరూ అడగలేదు నన్ను. యాభై ఏళ్లలో అందరూ నోరు తెరుచుకుని విన్నవాళ్లే. "ఏకబిగిన," అన్నాను.

"మీకు ఆయన మొహం కనపడిందా?"

"చెయ్యి ఊపాడమ్మా. అంత దగ్గర."

"ఎదుటి విమానాలెన్ని?"

మా ఆవిడ వైపు చూశాను. "నాలుగు."

"నిన్న మూడన్నారు."

"నాలుగోవాడు మబ్బులో ఉన్నాడు. నిన్నటికింకా బయటికి రాలేదు."

రెండూ రాసుకుంది. నవ్వలేదు, కొట్టేయలేదు. కాగితం పైన ఏదో రాసి గీత గీసింది. ఏమిటని అడిగితే చూపించింది. ప్రత్యక్ష సాక్షి.

"అంటే?"

"జరిగేటప్పుడు అక్కడే ఉండి, కళ్లారా చూసినవాడు."

నాలుగో తరగతి మూడేళ్లు చదివినవాడికి అంత పెద్ద బిరుదు వస్తే ఒంటిమీద నిలుస్తుందా? టీకొట్టు దగ్గరికి వెళ్లి, ఇకమీదట కోతలరాయుడూ గీతలరాయుడూ అంటే పలకను, సాక్షిగారూ అనాలి అని చాటింపు వేశాను. ఇంటికొస్తే మా ఆవిడ కూడా అందుకుంది. "సాక్షిగారూ, టీ చల్లారిపోతోంది." ఎంత ముచ్చటగా పిలిచిందో. ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు.

*

తవ్వకానికి ముందురోజు మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఎనభై ఆరేళ్లు ఆయనకి. కూతురింటి పెరట్లో రేకుల చూరు కింద కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు తడి ఇటుక చేత్తో తూచి, ఎన్ని పాళ్లు ఇసుకో చెప్పిన మనిషి. ఇప్పుడా చేతులు ఒళ్లో వేరేవాళ్ల సామాన్లలా పడున్నాయి.

"పాతగుంట తవ్వుతారట," అన్నాను.

"తవ్వనీ. ఇనుముకి నోరుందా?"

"ఆవిడ ఇనుముతో కూడా మాట్లాడిస్తుంది మేస్త్రీ."

"అయితే నువ్వెందుకున్నావు? వాగు. ఎప్పట్లాగే వాగు. నువ్వు వాగుతున్నంతకాలం ఊళ్లో ఇంకెవరి మాటా వినపడదు. అందుకే కదరా ఆ రోజు నలభైమందిలో నిన్ను ఏరి అధికారి ముందు నిలబెట్టింది." దగ్గి, మళ్లీ అన్నాడు. "అప్పుడు నీకు పదిహేడేళ్లు. తడుముకోకుండా చెప్పావు. నేనే నమ్మేశాను."

అంతకన్నా గొప్ప మెప్పు నాకు జన్మలో రాలేదు.

తవ్వకం వారం రోజులు సాగింది. మట్టి తీసే యంత్రం ఒకటి, భూతద్దం తాలూకు మనుషులు ముగ్గురు, చుట్టూ ఊరంతా. గట్టుమీద కుర్చీ వేసుకుని నేను. పైకి వచ్చిన ప్రతి ముక్కకీ ఒక కథ చెప్పాను. పంకా రెక్క వంగి బయటికొస్తే, అది మూడో శత్రువుని కొట్టిన రెక్క అన్నాను. మా ఊరి బంకమట్టి సంగతి మీకు తెలియదు. గాలిని లోపలికి పోనివ్వదు. అందులో పడ్డది ఎన్నేళ్లైనా పడ్డప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది. ఇంజను మీద నూనె ఇంకా జిగురుగా ఉంది. పైలట్ అరలో ఒక పెన్సిలు దొరికింది, చెక్కిన మొన చెక్కినట్టే ఉంది.

మా ఆవిడ ఆ పెన్సిలు రెండు చేతుల్లో పట్టుకుని, చెక్కిన చోట బొటనవేలితో రాసి చూసింది. "కత్తితోనే చెక్కాడు. మా అన్నయ్యకి మరతో చెక్కితే నచ్చేది కాదు," అంది.

అయిదోరోజు సీటు దొరికింది.

*

మధ్యాహ్నం భూతద్దం ఒక పళ్లెంలో మట్టిముద్దలాంటిది తెచ్చి వసారా బల్లమీద పెట్టింది. నీళ్లతో కడిగితే ఇనుప బకిల్. దాని పక్కనే విడివడ్డ నాలుగు పట్టీల చివర్లు.

"బాబాయిగారూ, ఇది పైలట్‌ని సీటుకి కట్టే బకిల్. నాలుగు పట్టీలూ ఇందులో గుచ్చి, పైన ఒక పిన్ను పెడతారు. పిన్ను లాగితే నాలుగూ ఒకేసారి వదులుతాయి."

"అయితే?"

"పిన్ను లాగి ఉంది."

"అంత అదురుకి ఊడదా మరి?"

"ఊడితే వంకర పోతుంది. ఇది చేత్తో తీసింది." బకిల్ ఇటూఅటూ తిప్పింది. "ఇంకోటి. పైలట్ కూర్చునేది ప్యారాచూట్ మూట మీద. సీటు గుంటలో అది ఉండాలి. లేదు. గుడ్డ లేదు, కొక్కెం లేదు, దారప్పోగు లేదు."

మా ఆవిడ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "అంటే?"

"దూకాడు పిన్నిగారూ."

"దూకితే... బతకాలి కదమ్మా."

"గొడుగు విచ్చుకోకపోతే బతకరు."

మునుగుతున్నవాడికి కొమ్మ దొరికినట్టయింది నాకు. "అదే! విచ్చుకోలేదు!" అని లేచాను. "ఇన్నాళ్లూ నీ మనసు కష్టపెట్టడమెందుకని దాచానే. నలభైమందీ తప్పుకున్నారని చూసుకుని మరీ దూకాడు. గొడుగు మూటలా చుట్టుకుపోయింది, విప్పుకోడానికి గింజుకున్నాడు, ఒక తాడు విమానం తోకకి పట్టుకుని..."

మా ఆవిడ నన్నే చూస్తోంది. యాభై మూడేళ్లుగా నా కథలు విన్న మనిషి. వాటిలో ఒకటి కళ్లముందు పుట్టడం చూడ్డం అదే మొదటిసారి. నేను తాడు దగ్గర ఆగిపోయాను.

భూతద్దం మాట మార్చబోయింది. "పిన్నిగారూ, పిన్ను సందుల్లో మట్టి తుడవాలి. గీతలు పడని మెత్తని గుడ్డేమైనా ఉందా?"

మా ఆవిడ ఫోటో వెనక మేకుకి తగిలించిన తెల్లగుడ్డ తెచ్చి ఇచ్చింది.

వద్దనడానికి నాకు క్షణం చాలలేదు. చాలినా ఏమని వద్దంటాను?

భూతద్దం గుడ్డతో ఒకసారి తుడిచి ఆగింది. వేళ్లమధ్య నలిపింది. వెలుగుకి పట్టింది. అంచు మడత ఒకవైపు మిగతావాటికన్నా లావుగా ఉంటే అక్కడ సూదితో నాలుగు కుట్లు విప్పింది. మడతలో, ఏళ్లుగా ఎండ తగలని చోట, సిరాతో అచ్చుగుద్దిన అంకెలు.

సంచీలోంచి మొదటిసారి కాగితాలు తీసింది. ఒక జాబితా మీద వేలు పెట్టి కిందికి జరిపి, ఒకచోట ఆపి, గుడ్డవైపు చూసి, మళ్లీ కాగితం వైపు చూసింది.

"ఈ గుడ్డ ఎక్కడిది పిన్నిగారూ?"

"మా అత్తగారిచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో. ఏం?"

"ఇది మీ అన్నగారికిచ్చిన ప్యారాచూట్‌లోది."

ఆ తర్వాత ఇంకో కాగితం తీసి చదివింది. ఎదుటివాడు, అంటే మా బావని కూల్చినవాడు, ఆ సాయంత్రం తన పై అధికారికి రాసిచ్చిన రిపోర్టు. ఒక్కడే వాడు. నాలుగు లేదు, మూడు లేదు, రెండు కూడా లేదు. ఏడు నిమిషాలు ఇద్దరూ ఒకళ్ల తోక ఒకళ్లు పట్టుకుని తిరిగారట. మా బావ విమానం బాగా నడిపాడని రాశాడు. చివరి మూడు వాక్యాలు భూతద్దం నెమ్మదిగా చదివింది. "పైలట్ దూకాడు, గొడుగు విచ్చుకుంది. చుట్టూ ఒకసారి తిరిగి చూశాను, నాకు చెయ్యి ఊపాడు. ప్రాణంతో పొగమంచులోకి దిగాడు."

మా ఆవిడ కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంది. భూతద్దం కాగితాలు ఎత్తి లేవబోతే, చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు కూర్చో అమ్మా. రాసుకో. ఈయన ప్రత్యక్ష సాక్షి కదూ."

*

"ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే," అని మొదలెట్టాను.

"మంచు ఉంది," అంది. "ఎంతో వద్దు. తర్వాత?"

అలా చెప్పించింది. నేను రెండు మాటలు కలపబోతే చెయ్యెత్తేది. జీవితంలో మొదటిసారి, కొసరు లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాకే ఎవరో పరాయివాడు చెబుతున్నట్టుంది.

బట్టీ పైకప్పు మీద కాపలా నాది. మంచు కిందే ఉంటుంది కాబట్టి, పైనున్నవాడికే ఆకాశం కనపడుతుంది. మన విమానమైతే గంటలా వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద ఒక దెబ్బ, వాళ్లదైతే రెండు. కింద నలభైమందీ ఆ దెబ్బల్ని బట్టే పని ఆపాలా, దాక్కోవాలా తేల్చుకునేవాళ్లు. ఇటుకలు కాలుతున్న బట్టీ పైకప్పు వెచ్చగా ఉంటుంది. చలికి ముడుచుకున్నవాడు దానిమీద వీపు ఆనిస్తే ఇంకేముంది.

"నిద్రపోయారు."

"పోయాను."

విమానం గుంటలో పడ్డ చప్పుడుకి లేచాను. మంచులోకి దిగుతున్న తెల్లగొడుగు కనపడింది. కింద మట్టిగుంటలోంచి మేస్త్రి అరిచాడు. "ఎవడ్రా? మనోడా, వాళ్లోడా?" అంతకు వారం ముందే వాళ్ల బాంబులకి పక్క ఊళ్లో మేస్త్రి తమ్ముడు పోయాడు. కాపలాలో నిద్రపోయినవాడిని ఏం చేస్తారో నాకు తెలుసు. "నాకు తెలీదు" అంటే సరిపోయేది, అంతే. రెండు మాటలు.

"ఏమన్నారు?"

"వాళ్లోడే అన్నాను. నేను చూశాను, మనోణ్ణి కూల్చి వస్తున్నాడు అన్నాను. పట్టాముక్క మీద రెండు దెబ్బలు కొట్టాను."

గొడుగు సరిగ్గా నా కళ్లకిందే, పచ్చిమట్టి కలిపే గుంటలో దిగింది. నడుందాకా కూరుకుపోయాడు. పడడం మొహం మీద పడ్డాడు. లేచేసరికి నెత్తినుంచి నడుందాకా మట్టే, బట్టలు కనపడవు, గుర్తులు కనపడవు, నోట్లో కూడా మట్టే. ఏదో అనబోయాడు. మాట రాలేదు, గరగరమని శబ్దం వచ్చింది. అది వాళ్ల భాషే అనుకున్నారు.

"చెయ్యి ఊపాడన్నారే, మీ కథలో."

"రెండు చేతులూ ఎత్తాడు. పైకి లాగమని."

"మొదట కొట్టిందెవరు?"

"మేస్త్రి. పారతో."

"తర్వాత?"

"అందరూ."

"మీరు?"

"నేను పైనే ఉన్నాను."

"దిగలేదా?"

"లేదు."

"ఆగండి, నాకు సరిగ్గా తెలీదు అని కేకెయ్యలేదా? మీ గొంతు రెండు వీధులకి వినపడుతుంది కదా."

"వెయ్యలేదు."

"ఎంతసేపు?"

నేను బల్లమీది బకిల్ వైపు చూశాను.

"లెక్కలు బాగా చెబుతారుగా. ఎంతసేపు?"

"ఒక వరస ఇటుకలు పేర్చేంతసేపు."

భూతద్దం పెన్ను ఆగింది. మా ఆవిడ ఆవిడ వైపు తిరిగి, "రాసుకో," అంది.

మిగతాది కొంచెమే. పీపా దగ్గరికి ఈడ్చుకొచ్చి నీళ్లు పోశారు, శత్రువు మొహం ఎలా ఉంటుందో చూద్దామని. మొహం కడిగింది మా అమ్మ. మట్టి పోతుంటే మెడదగ్గర మన గుర్తు బయటపడింది. కడిగితే మనవాడు. అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత గొడుగుని బట్టీలో వేశారు. శవాన్ని పాతగుంట గట్టుకి మోసుకెళ్లారు. అధికారులొచ్చేలోగా మేస్త్రి నన్ను పక్కకి పిలిచి, నీకు మాటలొచ్చు కదరా, ఒక మంచి కథ అల్లు అన్నాడు. అల్లాను. అందులో నలభైమందిని కాపాడించాను. ఆ నలభైమందీ అక్కడే నిలబడి, టోపీలు తీసి విన్నారు.

బట్టీలో వెయ్యకముందు మా అమ్మ ఆ ముక్క చింపుకుంది. బట్టకి కటకటగా ఉన్న రోజులవి. కోడలికెందుకిచ్చిందో నాకు ఇవాళ్టికీ తెలీదు. చెప్పలేనిది అలా చెప్పిందని అనుకోవాలని ఉంటుంది. కానీ మా అమ్మ అలాంటి మనిషి కాదు. గుడ్డ మెత్తగా ఉందని ఇచ్చి ఉంటుంది.

మా ఆవిడ గుడ్డ తీసుకుంది. దానిమీద పడ్డ మట్టి దులిపి, నాలుగు మడతలు పెట్టింది. మ్యూజియానికి ఇవ్వమని భూతద్దం అడగలేకపోయింది.

*

మర్నాడు పొద్దున ఆడవాళ్లిద్దరూ మేస్త్రి దగ్గరికెళ్లారు. నేను వెళ్లలేదు, భూతద్దం తర్వాత చెప్పింది. మేస్త్రి పకపకా నవ్వాడట. "ఎవడు చెప్పాడు తల్లీ, ఆ కోతలరాయుడా? వాడి మాట నమ్ముతావా?"

"ఈసారి ఆయన ఒక్క మాట కూడా కలపలేదు," అందట మా ఆవిడ. "అందుకే నమ్మాను."

మేస్త్రి నవ్వు ఆపి, ఒళ్లో చేతులవైపు చూసుకుంటూ కూర్చున్నాడట. ఆ నెలలోనే పోయాడు. శవాన్ని మోసుకెళ్లేటప్పుడు మా ఇంటిముందు నుంచే వెళ్లారు. మా ఆవిడ తలుపులు మూయలేదు, బయటికీ రాలేదు.

నన్ను వదిలి వెళ్లిపోతుందనుకున్నాను. పెట్టె సర్దుతుందేమోనని నాలుగు రోజులు ఆ గది వైపే చూస్తూ కూర్చున్నాను. వెళ్తే ఏడుస్తాను, బతిమాలతాను, ఊరివాళ్లకి ఒక కథ చెప్పుకుంటాను. వెళ్లలేదు. వేళకి వండింది, వేళకి పెట్టింది. ఏమండీ అనడం మాత్రం మానేసింది.

"సాక్షిగారూ, భోజనానికి లేవండి."

"సాక్షిగారూ, మందు వేసుకున్నారా?"

గొంతులో కోపం ఉండదు. అదివరకటి ముచ్చటే ఉంటుంది. ఊళ్లోవాళ్లు విని, ముసలాళ్లు ఇంకా సరసాలాడుకుంటున్నారని నవ్వుకుంటారు. ఫోటోని గోడమీంచి తీసి నా కుర్చీకి ఎదురుగా, కూర్చుంటే నా కళ్ల ఎత్తుకి సరిపోయేలా పెట్టింది. వారానికోసారి తెల్లగుడ్డ తెచ్చి నా ఒళ్లో వేస్తుంది. "తుడవండి, సాక్షిగారూ." నేను తుడుస్తాను. బావతో ఎకసెక్కాలు మానేశాను. ఆయన మాత్రం నవ్వడం మానలేదు.

రాయి వేసవి చివర్లో వచ్చింది. మాటలు మా ఆవిడే చెక్కించింది. పైన పేరు, తేదీ. కింద ఒక్క వాక్యం: ఇక్కడ ప్రాణంతో దిగాడు. చెక్కేవాడు, "ఇంకేం లేదామ్మా? రాయి ఖాళీగా కనపడుతుందే" అని అడిగితే, "మిగతాది మా ఇంట్లో ఉంది, అడిగినవాళ్లకి చెబుతారు" అందట. సమాధి దగ్గర పెట్టించలేదు. బట్టీ దారిలో, పచ్చిమట్టి గుంట ఉన్నచోట, బడికెళ్లేవాళ్లూ సంతకెళ్లేవాళ్లూ చదవకుండా దాటిపోలేని చోట పెట్టించింది.

మొదటి ఆదివారమే ఒక బడి పంతులు ముప్ఫైమంది పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. వసారా పట్టక సగంమంది మెట్లమీద, సగంమంది వీధిలో. మునుపైతే ఈ జనాన్ని చూస్తే నా నాలుక దానంతటదే లేచి కూర్చునేది.

"తాతగారూ," అన్నాడు పంతులు, "రాయి చదివాం. పిల్లలకో అనుమానం. ప్రాణంతో దిగినాయన మరి ఎలా చనిపోయారు?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా దగ్గర మంచి కథ ఒకటి తయారుగా ఉంది. గుండెజబ్బు ఉన్న పైలట్‌ది. ఎంత బాగుందనుకున్నారు! లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీ పక్కన నుంచుంది.

"మొదట్నుంచీ చెప్పండి, సాక్షిగారూ," అంది. "ఆకాశంలో జరిగింది మీరు చూశారా?"

పిల్లలందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"చూడలేదు," అన్నాను.

"గట్టిగా," అంది. "వీధిలో ఉన్నవాళ్లకి వినపడలేదు."